బోడినేలలోని పులి

ఇంగ్లండు దేశపు దక్షిణభాగమున డార్సెట్, హాంప్‌షైర్, సర్రే, పశ్చిమ ససెక్స్ అను కౌంటీలలో, నీరు నిలువని ఇసుకనేలలమీద మోకాలెత్తు పొదలే గాని మహావృక్షములు దట్టముగా పెరుగనివియు, దున్నుటకు గాని విత్తుటకు గాని ఒప్పనివియు నగు బయళ్లు కొన్ని అచ్చటచ్చట మిగిలి యున్నవి. ఆ దేశస్థులు వీనిని హీత్ అందురు. మే, జూన్ మాసములలో ఎండ చక్కగా కాసిన దినమున ఈ బయళ్లలోని కాలిబాటల వెంట నడచుచుండగా, అడుగునకు రెండుమూడు బారల ముందర, నేలరంగులో కలిసిపోయి యుండిన పురుగొకటి చివాలున లేచి, ఊదావన్నె తళుకొకటి చూపి, కొంతదూర మెగిరి, మరల బాటమీదనే వాలి, వచ్చువారి వంకకు మొగము త్రిప్పి నిలుచును. దగ్గఱకు పోయినచో మరల లేచును, మరల వాలును. ఇట్లు మూడు నాలుగు పర్యాయములు జరిగిన పిమ్మట చూచువారికి విసుగైనను పుట్టును, అదేమో తెలిసికొనవలెనను పంతమైనను పుట్టును. ఈ వ్యాసము రెండవ తెగవారి కొఱకు.

ఆ పురుగు పేరు హీత్ టైగర్ బీటిల్. స్వీడన్ దేశపు పండితుడు లిన్నేయస్ 1758లో దీనిని వర్ణించి పేరు పెట్టినాడు. శాస్త్రజ్ఞు లిప్పుడు దీనిని సిసిండెలా సిల్వాటికా అని వ్యవహరింతురు. ముందుఱెక్కలు గట్టిపడి పెంకులై వెనుకఱెక్కలను కప్పియుంచు పురుగులను మనము పెంకుపురుగు లందుము గదా. వానిలో నేలమీద పరుగిడుచు తోటి క్రిములను వేటాడి బ్రదుకు పెద్దకుటుంబము కారాబిడే యనునది. బ్రిటనులోనే ఈ కుటుంబమునకు చేరిన జాతులు 350 వఱకు గలవు. పులిపురుగులను అందులో ఒక యుపశాఖగా నెంచుట చిరకాలముగా వాడుకయై యున్నది. ఇటీవల కొందఱు పండితులు వీనిని ప్రత్యేక కుటుంబముగా వేఱుచేయుచున్నారు. ఆ తగవుతో మన కంతగా పనిలేదు.

పెంకుపురుగులను సేకరించి పేర్లు కనుగొనుట ఇంగ్లండులో పంతొమ్మిదవ శతాబ్దిన విద్యావంతులకు వ్యసనమై యుండెను. చార్లెస్ డార్విన్ కేంబ్రిడ్జిలో చదువుకొను దినములలో, చెట్టుబెరడు ఊడదీయగా కనబడిన రెండు అరుదైన పురుగులను చేతి కొకటిగా పట్టుకొని యుండగా మూడవది కంటబడినదట. దానిని విడువలేక, కుడిచేతిలోని దానిని నోట వేసికొనెను. అది చిమ్మిన ఘాటురసమునకు నాలుక మండి, దానిని ఉమ్మివేసి, మూడవదానిని కూడ పోగొట్టుకొన్నట్లు ఆయన తన ఆత్మకథలో చెప్పుకొన్నాడు. భూచరములైన ఈ పురుగులలో అనేకములు ఉదరాంతమునుండి ఇట్టి రసములు చిమ్మి తప్పించుకొనును గనుక, ఆ యనుభవము డార్విను నోటికి మాత్రమే ప్రత్యేకమని తలపరాదు.

పట్టిన పురుగు ఈ కుటుంబమునకు చెందినదా కాదా యనునది మొదటి ప్రశ్న. అన్ని కాళ్లకును పాదభాగమున అయిదేసి కణుపు లుండవలెను. స్పర్శశృంగములు దారములవలె సన్నవై, పదునొకండేసి కణుపులు గలవై యుండవలెను. వెల్లకిల త్రిప్పి చూచినప్పుడు వెనుకకాళ్ల మొదటి కీళ్లు ఉదరపు తొలి ఫలకమును నడుమ ఖండించుకొని పోవలెను. ఈ లక్షణములు పదిరెట్లు పెంచి చూపు భూతద్దముతో కానవచ్చును. ఇంతవఱకు సులభమే. పిమ్మట జాతిని నిర్ణయించుటలోనే పండితులకు సైతము చెమటలు పట్టును. అమారా యను ప్రజాతిని తీసికొందము: కంచువన్నె మెఱపుతో కోడిగ్రుడ్డు ఆకృతిలో నుండు ఈ పురుగులు బ్రిటనులో ముప్పది వఱకు గలవు, వానిలో అమారా ఫమెలికా యనునది హీత్ బయళ్లలో అత్యంతవిరళముగ దొరకును. దానిని తోడి అమారాలనుండి వేఱుచేయుటకు ఉరఃఫలకపు మూలలయందలి గుంటలు, శృంగముల కణుపుల రంగు, కాలి ముండ్లు మున్నగునవి సూక్ష్మదర్శినిక్రింద పరీక్షింపవలెను. అప్పటికిని సంశయము తీరనిచో మగపురుగు జననాంగమును విచ్చి చూడవలెను. అట్టి శ్రమ యెల్లరకును సాధ్యము కాదు. చంపకయే, పట్టకయే పేరు చెప్పదగిన అరుదైన పురుగు హీత్ బయలున ఒకటి యున్నదనిన, అది మన పులిపురుగే.

పులిపురుగును దూరమునుండియే పోల్చవచ్చును. పొడవైన సన్నని కాళ్లమీద దేహమును నేలనుండి ఎత్తిపట్టి నిలుచును. కన్నులు పెద్దవై ఇరుప్రక్కలకు పొడుచుకొని వచ్చుటచే శిరస్సు ఉరముకంటె వెడల్పుగా నుండును. దవడలు కొడవళ్ల యాకృతిలో వంగి, మూసినప్పుడు ఒకదానిపై నొకటి దాటియుండి, లోపలియంచున వాడిపండ్లు కలిగియుండును. బ్రిటనులో ఇట్టి పులిపురుగులు అయిదు జాతులు మాత్రమే. వానిలో ఎల్లెడల కనబడునది ఆకుపచ్చని సిసిండెలా కాంపెస్ట్రిస్. సిసిండెలా హైబ్రిడా, సిసిండెలా మారిటిమా యను రెండును సముద్రతీరపు ఇసుకదిబ్బలను వదలి లోపలికి రావు. మొదటిది వాయవ్యతీరమునను, రెండవది వేల్సు, ఉత్తర డెవన్, నార్ఫోక్, కెంట్ తీరములయందును ఉండును. అయిదవదైన సిలిండెరా జెర్మానికా చిన్నది, ఎగురుట కంతగా ఇష్టపడనిది, దక్షిణతీరమున ఊటనీరు జాఱు మట్టిగట్లపై నివసించునది. కావున సముద్రమునకు దూరముగా హీత్ బయలున నిలిచి చూచుచున్నవాని యెదుట ఇక మిగిలినవి రెండే: ఆకుపచ్చనిదియు, మనదియు. చూచిన చోటే సగము నిర్ణయము చేసిపెట్టుచున్నది. పురుగు బొమ్మ నొక్కదానినే పుస్తకమునుండి కంఠస్థము చేసినవారు ఈ సాయమును పోగొట్టుకొందురు.

మన పురుగు 15 మొదలు 19 మిల్లీమీటర్ల వఱకు పొడవుండి, తోడిజాతులకంటె కొంచెము పెద్దదిగా కనబడును. పైన ముదురు కంచువన్నె, ఒక్కొక్కప్పుడు నలుపునకు చేరిన గోధుమవన్నె. ఱెక్కపెంకులపై మీగడరంగు గుర్తులు: భుజమువద్ద నొకటి, నడుమ వంకరలు తిరిగిన సన్నని పట్టె యొకటి, తోకవైపు చుక్క యొకటి. ఈ గుర్తులు పురుగుపురుగునకు కొంత మాఱుచుండును గనుక వానిని లెక్కించి వాదులాడుట వ్యర్థము. క్రిందిభాగము లోహకాంతితో నీలముగను ఊదాగను మెఱయును; ఎగురునప్పుడు కనబడిన తళుకు ఇదియే. ఆకుపచ్చనిదానితో పొరపడుట ఎట్లని పాఠకులు శంకింపవచ్చును. ఆకుపచ్చని జాతిలో అరుదుగా గోధుమవన్నెవియు, ఇంచుమించు నల్లనివియు పుట్టుట కలదు. అట్టి సందర్భమున రంగును నమ్మినవాడు చెడును. నమ్మదగినది పైపెదవి. దవడలకు పైన, మొగమునకు ముందువైపున, చిన్నపలకవలె నుండు ఆ భాగము కాంపెస్ట్రిస్‌లోను, ఇసుకదిబ్బల జాతులు రెంటిలోను పాలిపోయిన పసుపువన్నెతో స్ఫుటముగా కనబడును. సిల్వాటికాలో అది నల్లగా నుండి, నడుమ నిలువుగా గట్టు తీర్చి యుండును. ఎన్ని లక్షణములు చదివినను, తుదకు నల్లపెదవి యొక్కటి చూచిన చాలునని నా అభిప్రాయము.

పెదవి చూచుట యెట్లు? మిట్టమధ్యాహ్నపు టెండలో దీనిని సమీపించుట దుస్సాధ్యము. ఈ పురుగు వేడిచేతనే చుఱుకుదనము పొందును. సూర్యుని మబ్బు కప్పినప్పుడు, ఉదయమున ఇసుక ఇంకను చల్లగా నున్నప్పుడు, నేలకు కఱచుకొని ఒడలు కాచుకొనుచు మందముగా కదలును. ఆ సమయమున నీడ దానిపై పడకుండ, మోకాళ్లమీద వంగి, మెల్లగా ముందుకు జరిగి, ఎదురుగా నుండి ఛాయాచిత్రము తీయవలెను. పైనుండి తీసిన చిత్రములు ఎంత సొగసుగా నున్నను నిర్ణయమున కంతగా అక్కఱకు రావు. ప్రకృతిప్రియులు తీసిన చిత్రములలో అధికభాగము పైనుండి తీసినవే యగుట విచారకరము. నేలలో గిన్నెలు పూడ్చి, అందు పడిన పురుగులను ఏరుట ఈ శాస్త్రములో ప్రాచుర్యము గల పద్ధతియే గాని, చూపుతో వెదకి చూచి గుర్తింపదగిన అరుదైన ప్రాణికి అది అనావశ్యకము, హానికరము కూడ.

దీని పరుగునుగూర్చి నాలుగు మాటలు చెప్పవలెను. పులిపురుగు ఎర వెంట పరుగెత్తుచు, నడుమ నడుమ హఠాత్తుగా ఆగి, దిక్కు సరిచూచుకొని, మరల పరుగెత్తును. పూర్వులు దీనిని అలసట యనుకొని యుండవచ్చును. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున కోల్ గిల్బర్ట్ అను శాస్త్రజ్ఞుడు పరిశీలించి చెప్పినదేమనగా, పరుగు వేగమునకు కన్నులు చాలవు. ఆ వేగమున ఎర రూపము కన్నులలో కుదురుకొనుటకు వలసినంత వెలుతురు చేరదు. కావున పరుగిడునంతసేపు పురుగునకు చూపు మసకబాఱును, ఆగినప్పుడే ఎర యెచ్చటనున్నదో మరల తెలియును. దారిలోని అడ్డంకులను తెలిసికొనుటకు స్పర్శశృంగములను ముందునకు కదలకుండ చాచి పట్టి పరుగిడునని కూడ ఆ పరిశోధనశాలలోనే తేలినది. ఆస్ట్రేలియా యందలి ఒక పులిపురుగు సెకనుకు రెండున్నర మీటర్లు పరుగెత్తునని లెక్కకట్టిరి. అనగా తన దేహపు పొడవునకు ఇంచుమించు 120 రెట్ల దూరము. మన హీత్ పురుగు అంతటిది కాకున్నను, చీమలు, సాలెపురుగులు, గొంగళిపురుగులు మొదలగువానికి అది చాలినంత యమదూతయే. దొరకినదానిని దవడలతో నలిపి, జీర్ణరసములు దానిపై వదలి, కరగిన సారమును పీల్చుకొనును. ఆ దవడలకు మరియొక ఉపయోగము కలదు: మగది ఆడదానిని ఉరముపై దవడలతో పట్టుకొని, సంగమము ముగిసిన పిమ్మటను వేఱొక మగది సమీపింపకుండ చాలసేపు విడువక యుండును.

పెద్దపురుగు కనబడుట కొన్ని మాసముల మాటే. అసలు జీవితము నేలలోపల గడచును. ఆడుపురుగు ఎండ తగులు బోడి ఇసుకలో ఒక్కొక్క గ్రుడ్డునే వేఱువేఱుగా పెట్టును. పుట్టిన డింభకము ఆ చోటనే నిలువుగా బిలము త్రవ్వుకొని, ఎదుగుకొలది దానిని లోతు చేసికొని, అందులోనే మూడు దశలు గడపును. బిలపు నోరు గుండ్రని రంధ్రము. డింభకము పైకి వచ్చి, చదునైన తలతోను ఉరఃఫలకముతోను ఆ రంధ్రమును నేలమట్టముగా మూసి, కదలక మెదలక యుండును. సమీపమున చీమ నడచినచో, క్షణములో దేహమును వెనుకకు విరిచి, దవడలతో అందుకొని, లోనికి లాగికొని పోవును. ఎర పెనుగులాడి దానిని బయటికి ఈడ్వకుండుటకు వీపుమీద, ఉదరపు అయిదవ ఖండమున, గూనువంటి ఎత్తును దానిపై ముందునకు వంగిన కొక్కెములును ఉండి, బిలపు గోడలకు తగుల్కొనును. ఇట్లు ఒక్కచోటనే కూర్చుండి, దారిన పోవునదానిని తిని పెరుగవలసినందున, పెద్దపురుగగుటకు ఇంచుమించు రెండేండ్లు పట్టును. ఆహారము కొఱవడినచో ఇంకను ఆలస్యమగును. ఈ రెండేండ్లును ఆ జానెడు ఇసుక తొక్కిడిపడి కూలరాదు, గడ్డి కప్పరాదు, నీడ సోకరాదు. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెనని ప్రార్థన.

ఇంతటి గడుసువేటకానికిని ఒక వేటగత్తె కలదు. మెథోకా యను కందిరీగజాతిలో మగదానికి ఱెక్కలుండును. ఆడుదానికి ఱెక్కలు లేవు, చూచుటకు అచ్చముగా చీమవలె నుండును. అది నిర్భయముగా పులిపురుగు డింభకపు బిలము కడకు పోవును. డింభకము చీమ యని తలచి పట్టుకొనును. సన్నని నున్నని ఆ దేహము దవడల నడుమ జాఱి, గొంతుక్రిందికి చేరి, మెత్తని చోట కుట్టి, కదలకుండ చేయును. పిదప దానిపై ఒక గ్రుడ్డు పెట్టి, బిలమును ఇసుకతో పూడ్చి, పై చదును చేసి, తన దారిని పోవును. గ్రుడ్డునుండి వెడలిన పురుగు ఆ డింభకమును తిని పెరుగును. హీత్ బయలున ఈ కందిరీగను చూచినవారు పులిపురుగులు సమీపమున నున్నవని గ్రహింపవచ్చును. ఏ జాతివో మాత్రము అది చెప్పదు.

ఇప్పుడు బయలును గూర్చి. నల్లరేగడి, కొండచరియ, గడ్డిబీడు అను మన మాటలలో దేనికిని హీత్ సరిగా అమరదు. అచ్చట నేల ఆమ్లగుణము గలది. వానలకు లవణములు క్రిందికి కొట్టుకొనిపోయి పైపొర బూడిదవన్నె ఇసుకయై, అడుగున ఇనుపలవణములు గట్టిపడి పలకకట్టి యుండును. ఇట్టి పేదనేలను మెచ్చి పెరుగునవి హెదర్ జాతుల పొదలు. వేసవి చివర వానికి ఊదాపూవులు పూచి బయలంతయు రంగు మాఱును. ముండ్లు గల గోర్స్ పొదలు పచ్చపూవులు పూచును. పల్లపుభాగములలో తేమనేల, అందు వేఱు మొక్కలు. ఇది ప్రకృతి స్వయముగా నిర్మించిన దని చూచువారికి తోచును గాని, నిజమున ఇది మానవుడు చేసినది. జెఫ్రీ డింబుల్బీ యను శాస్త్రజ్ఞుడు కంచుయుగపు సమాధిదిబ్బల క్రింద పూడిపోయిన మట్టిలోని పుప్పొడిని పరీక్షించి, నేడు హెదర్ పెరుగుచున్న చోట ఒకప్పుడు అడవి యుండెనని 1962లో ప్రకటించిన గ్రంథమున నిరూపించినాడు. రైతులు చెట్లు కొట్టి, కొన్ని పంటలు తీసి, పసరమును మేపిరి, నేల సారముడిగినది, హెదర్ వచ్చినది. ఆ మీదట వేలయేండ్లు ఆ బయలు బయలుగానే యుండుటకు కారణము ప్రజల నిత్యావసరములు: పొయ్యిలోనికి గోర్స్ నఱకిరి, మట్టిగడ్డలు చెక్కి వంటచెఱకుగా వాడిరి, పశువుల పక్కకు బ్రాకెన్ అను ఫెర్నును కోసిరి, గుఱ్ఱములను గొఱ్ఱెలను తోలిరి, అప్పుడప్పుడు నిప్పుపెట్టిరి. థామస్ హార్డీ 1878లో ప్రకటించిన ది రిటర్న్ ఆఫ్ ది నేటివ్ అను నవలను చదివినవారు, అందు ఎగ్డన్ హీత్ అను కల్పితనామముతో వర్ణింపబడినది డార్సెట్ బయలే యనియు, పారిస్‌నుండి తిరిగివచ్చిన నాయకుడు చూపు మందగించిన పిదప గోర్స్ నఱకు కూలియై బ్రదికెననియు ఎఱుగుదురు. సాహిత్యవిమర్శకులు ఆ బయలును విధికి ప్రతీకగా వ్యాఖ్యానించినారు. ఒక పురుగు దృష్టితో చదివినచో, ఆ కూలి నఱకిన చోటులన్నియు పిల్లలను పెంచుకొనదగిన ఎండనేలలే.

ఆ యవసరములు తీఱిన దినము బయలునకు చెడుదినము. బొగ్గు వచ్చినది, గోర్స్ నఱకువారు లేరైరి. కొంతభాగము పొలములైనది, 1919లో స్థాపింపబడిన ఫారెస్ట్రీ కమిషన్ చేతులమీదుగా మఱికొంత పైను తోటలైనది, బోర్న్‌మత్ వంటి నగరములు ఆ బయలుమీదనే పెరిగినవి. డార్సెట్ కౌంటీలో పదునెనిమిదవ శతాబ్ది మధ్యమున దాదాపు 40,000 హెక్టార్లున్న హీత్ నేల 1960 నాటికి 10,000 హెక్టార్లకును, 1978 నాటికి 6,000 లోపునకును తగ్గినది. వైశాల్యము తగ్గుటయే గాక తునకలగుటయు ప్రమాదకరమని నార్మన్ మూర్ అను శాస్త్రజ్ఞుడు 1962లో వ్రాసినాడు. ఒకనాడు నదీలోయలు మాత్రమే వేఱుచేసిన కొలది ఖండములుగా నుండిన ఆ బయలు 1978లో లెక్కించినప్పుడు 768 తునకలైనది. వానిలో అధికభాగము చిన్నచిన్నవి. ఎగురగలిగిన పురుగునకైనను నడుమ ఇండ్లును రోడ్లును పచ్చికపొలములును అడ్డుపడినచో ఒక తునకనుండి వేఱొకదానికి పోవుట సులభము కాదు.

మిగిలిన తునకలైనను క్షేమముగా నున్నవా యనిన, అచ్చటనే చిక్కున్నది. కంచె వేసి, ఇది రక్షితప్రాంతమని పలక నాటి, మేతను, త్రొక్కుడును ఆపి, ప్రకృతి కప్పగించినచో పదునైదు ఇరువది యేండ్లలో హెదర్ ముదిరి ఒత్తుగా అల్లుకొనును, ఊదాగడ్డి దిండువలె పఱచుకొనును, బ్రాకెన్ క్రమ్ముకొనును, బిర్చి, పైను మొలకలు పైకి వచ్చును. 1953లో మిక్సొమటోసిస్ అను వ్యాధి బ్రిటనులో ప్రవేశించి కుందేళ్లను మూకుమ్మడిగా చంపినప్పుడు, అవి కొఱికి పొట్టిగా నుంచిన గడ్డి అంతయు ఎదిగి, బోడిచోట్లు మూసికొనిపోయినవి. మోటారుబండ్లనుండియు పశుశాలలనుండియు గాలిలో చేరు నత్రజని సమ్మేళనములు వానతో దిగి, పేదనేలకు ఎరువు పెట్టినట్లై, గడ్డికి మఱింత బలము నిచ్చుచున్నవి. చూచువారికి ఇది పచ్చదనము. పులిపురుగు డింభకమునకు ఇది గృహనాశము. ఐరోపాఖండమున ఇదే జాతి ఇసుకమీది పలుచని పైను అడవులలో హాయిగా జీవించుచున్నది గనుక, దానికి చెట్టుతో వైరము లేదనియు, నేలకు ఎండ తగులకుండుటయే వైరమనియు తెలియుచున్నది. ఇంగ్లండు వంటి చలిదేశమున, గ్రుడ్డు పొదుగుటకును డింభకము పెరుగుటకును కావలసిన వేడి బోడి ఇసుకయందే దొరకును.

ఒక విచిత్రము చెప్పక తీరదు. సర్రే, హాంప్‌షైర్ కౌంటీలలో చాల హీత్ బయళ్లు నేటివఱకు మిగిలినది సైన్యము వానిని తుపాకి కాల్పులకును ట్యాంకుల విన్యాసములకును ఉంచుకొనుటవలన. ఇండ్లు కట్టనీయలేదు, చెట్లు నాటనీయలేదు, ట్యాంకులు గీచిన గాడులలో ఎఱ్ఱని ఇసుక బయటపడి, అందులో పులిపురుగులును, ఇసుకలో గ్రుడ్లు పెట్టు అరుదైన శాండ్ లిజర్డ్ అను బల్లియు బ్రదికినవి. యుద్ధాభ్యాసము జీవరక్షణ కొఱకు చేయబడలేదు గాని ఫలితము ఆ విధముగ వచ్చినది. అందుచేతనే నేడు ఈ బయళ్లను పాలించువారు శీతకాలమున యంత్రములతో పై మట్టిని గీచి, దక్షిణమునకు వాలిన చోటుల బోడి ఇసుకపట్టెలను తీయుచున్నారు; పైను మొలకలను పీకించుచున్నారు; గుఱ్ఱములను పశువులను మితముగా వదలుచున్నారు. మంచి నేలపై గాయము చేయుచున్నారని బాటసారులు కొందఱు కోపించుట సహజమే. అగ్నిని గూర్చి మాత్రము నాకును సందేహమే. చిన్నచిన్న తునకలుగా, శీతకాలమున, వంతులవారీగా కాల్చుట ఒకటి. 2020 మే మాసమున డార్సెట్‌లోని వేర్‌హామ్ అడవిలో జరిగినట్లు, పెద్దపురుగులు తిరుగు కాలమున వందలకొలది హెక్టార్లు ఒక్కమాఱుగ దగ్ధమగుట వేఱొకటి. బోడినేల కావలెను గాని అంతయు బోడియైనచో ఎర యెక్కడిది? ఇసుకపట్టె ప్రక్కనే చీమలును గొంగళ్లును ఉండు హెదర్ పొద నిలిచి యుండవలెను.

మన దేశమున పులిపురుగులు రెండువందలకు మించిన జాతులు గలవు. ఆంగ్లప్రభుత్వకాలమున ప్రకటింపబడిన భారత జంతుగ్రంథమాలలో ఫౌలర్ పండితుడు 1912లోనే వీనికై ఒక సంపుటము వ్రాసినాడు. మన నదుల ఇసుకతిన్నెల మీద ఎండవేళ చివాలున లేచి వాలు పురుగులలో ఇవి కొన్ని. దక్షిణభారతపు మెట్టనేలలలో, నల్లని దేహముపై ఆఱు తెల్లచుక్కలతో రెండంగుళముల వఱకు పొడవుండు ఆంథియా సెక్స్‌గుట్టాటా అను నేలపురుగును చూచినవారు ఉందురు. ముట్టుకొన్నచో కంటిలోనికి ఘాటురసము చిమ్మును గనుక పిల్లలను దూరముగా నుంచుట మేలు. హీత్ బయలు మనకు లేదు. కాని ఎవ్వరికిని పనికిరాని పోరంబోకు అని ముద్రవేసిన చోటనే అరుదైన ప్రాణి కాపురముండుట మన కెఱుకలేనిది కాదు. 1848లో బ్లైత్ అను పండితుడు వర్ణించి, పిమ్మట కానరాకుండ పోయి, 1986లో కడప జిల్లాలో మరల దొరకిన కలివికోడి కోరునది కూడ దట్టమైన అడవిని కాదు. ముండ్లపొదల నడుమ బోడినేల సందు లుండు చిట్టడవిని. అచ్చటను పొదలు మిక్కిలి క్రమ్మినను, మొత్తముగా నఱకివేసినను ఆ పక్షికి నిలుకడ లేదు.

హీత్ పులిపురుగును చూచినట్లు తెలియజేయువారికి అచ్చటి పరిశీలకులు సామాన్యముగా కోరునవి కొన్ని గలవు: తేది, స్థలము, ఎదురునుండి తీసిన చిత్రము. వీనికి తోడు, పురుగు నిలిచిన నేలను గూర్చి రెండు పంక్తులు వ్రాసిన నివేదిక నా దృష్టిలో మిక్కిలి విలువైనది: ఇసుక గట్టిదా, జాఱుడుదా, బోడిపట్టె వెడల్పెంత, ప్రక్కనున్న హెదర్ ఎత్తెంత, సమీపమున గుండ్రని రంధ్రము లెన్ని కనబడినవి. రంధ్రముల లెక్క మఱియు ముఖ్యము. ఎండవేళ పట్టెమీద ఎగిరిన పెద్దపురుగు ఎచ్చటినుండియైనను వచ్చియుండవచ్చును. బిలములో నున్న డింభకము మాత్రము ఆ చోటనే పుట్టినది, రెండేండ్లు ఆ చోటనే యుండవలసినది. ఆకుపచ్చని జాతి బిలములును అట్లే యుండును గనుక, రంధ్రము లున్న చోట నల్లపెదవి పురుగును కూడ చూచినట్లు వ్రాసిననే ఆ లెక్క ఉపయోగపడును. కాలిబాట ప్రక్కనే బిలములున్నప్పుడు అల్పమైన త్రొక్కుడు ఇసుకను తెఱచి యుంచును. ఆదివారపు జనసమ్మర్దమును, పర్వతసైకిళ్ల చక్రములును వానిని కూల్చును. ఈ రెంటి నడుమ హద్దు ఎచ్చట గీయవలెనన్నది ఒక్కొక్క బయలున ఒక్కొక్క రీతిగా, పురుగులను ఏటేట లెక్కించి తెలిసికొనవలసి యున్నది. ఆ లెక్కకు మే మాసపు ఎండయును, వంగి చూచు ఓపికయును ఉన్నవారు ఇంకను చాలమంది కావలెను.